నల్లరాయి పాటలో ఆగే చోట్లు

ముందు ఆ గిటార్ పక్కన పెట్టు పాపా. నేను చెప్పేటప్పుడు మధ్యలో తీగ మీటావంటే నా మాట ఎటో పోతుంది.

నేను చదువుకున్న నర్సుల బడి వాళ్లు పుస్తకం వేస్తున్నారట. పాతవాళ్లంతా తలా ఒక అనుభవం రాసివ్వాలట. నా చేతికి వణుకు. అందుకని నేను చెప్తుంటే నా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. తప్పులుంటే దానివి, సోదంతా నాది.

కవల పిల్లల కాన్పు గురించి చెప్పమంటోంది ఇది, అందరికీ నచ్చుతుందని. నచ్చే కథలు మిగతావాళ్లు రాస్తారులే. నేను ఒక పాట గురించి చెప్తాను. ఈరోజు మార్కాపురం, గిద్దలూరు, కొమరోలు వైపు గిటార్ పట్టుకున్న పిల్లలందరూ ముందు నేర్చుకునేది ఆ పాటే. దాన్ని కట్టి పాడింది పలకల ఫ్యాక్టరీలో రాయి కోసిన మనిషి. అతను నా వార్డులో పేషెంటు. నర్సు పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలూ, ఇది మీకోసమే చెప్తున్నాను. పాటలు పాడేవాళ్లు కూడా వింటే వినండి.

మాది ఊరి బయట ఒక చిన్న ఆసుపత్రి. రేకుల వరండా, దానికి ఒక చివర కాన్పుల గది, ఇంకో చివర దగ్గు వార్డు. దగ్గు వార్డు అనేది జనం పెట్టిన పేరు. కొత్తగా వచ్చిన నర్సును ముందు అక్కడే వేసేవాళ్లు, పాతవాళ్లెవరూ అడిగి వెళ్లరు గనుక. చేరిన మొదటిరోజు నా మొహం చూసి పెద్ద సిస్టరమ్మ అంది:

"వార్డులో భయపడేది రోగి ఒక్కడే ఉండాల. నువ్వు గూడా భయపడితే ఇద్దరికి మంచాలు యాడ తెచ్చేది?"

ఆమె అట్లాంటిది. నవ్వకుండా నవ్వించేది.

మీలో చాలామంది అక్షరాలు దిద్దిన నల్లపలక మా వైపు నేలలోంచి వచ్చిందే. గనిలోంచి రాయి తీసుకొచ్చి ఫ్యాక్టరీలో మిషన్ మీద పలచగా కోసేవాళ్లు. ఆడవాళ్లు దానికి చెక్క చట్రం బిగించేవాళ్లు. కోసేచోట లేచే దుమ్ము బూడిదలాగా మెత్తగా ఉండేది. మధ్యాహ్నం అన్నానికి బయటికి వచ్చిన మనిషికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. మూతికి తువ్వాలు కట్టుకునేవాళ్లు. అంతకన్నా ఏమీ లేదు.

మా పాటగాడు ఆ మిషన్ మీద పనిచేసేవాడు. అతని భార్య చట్రాలు బిగించేది. ఆమె తమ్ముడు లారీ మీద క్లీనరు, గిటార్ వాయించేవాడు. డ్రమ్ములు కొట్టేవాడు కూడా ఫ్యాక్టరీ మనిషే. ఆ ముగ్గురినీ జనం పలకలోళ్ల బ్యాండు అనేవాళ్లు.

మొదట్లో చర్చిలో హార్మోనియం, డోలకు పెట్టుకుని అందరిలాగే పాడుకునేవాళ్లు. డ్రమ్ములాయన చిన్నాయన మిలిటరీలో ఉండేవాడు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు జుట్టు పెంచుకున్న ఇంగ్లీషువాళ్ల బ్యాండు క్యాసెట్ ఒకటి తెచ్చాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా రీలు సాగిపోయేదాకా విన్నారట. ఆ తర్వాత డోలకు పక్కన పెట్టి, కరెంటు గిటార్, డ్రమ్ములు సంపాదించారు. పెళ్లికి పిలిచినా, క్రిస్మస్‌కు పిలిచినా వీధి అదిరిపోయేలా వాయించేవాళ్లు. సంఘ పెద్ద ఒకాయన ఓపిక పట్టలేక అన్నాడు.

"దేవునికి చెవుడు లేదు నాయనా, కొంచెం తగ్గించి వాయించండి."

"దేవునికి లేదులే పెద్దనాయనా," అన్నాడు పాటగాడు. "మిషన్ల కాడ పనిచేసి మాకే వచ్చింది."

జనం నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ నవ్వాను. అది నిజమని నాకు తర్వాత తెలిసింది. డ్రమ్ములాయనకు మందు ఎప్పుడెప్పుడు మింగాలో చెప్పాలంటే అరిచి చెప్పాల్సి వచ్చేది.

పాటగాడు మా వార్డుకు మొదటిసారి వచ్చినప్పుడు మనిషి బాగానే ఉన్నాడు. దగ్గు, ఆయాసం, కొంచెం చిక్కాడు. ఎక్స్‌రేలో మచ్చలున్నాయి. తెమడ పరీక్షలో ఏమీ దొరకలేదు. అయినా ఆ రోజుల్లో మా వైపు దగ్గుతూ చిక్కిపోయిన మనిషి వచ్చాడంటే టీబీ అనే అనుకునేవాళ్లం. చాలాసార్లు అది నిజమే అయ్యేది కూడా. టీబీ మందులు పెట్టాం. పడుకుని విశ్రాంతి తీసుకున్నాడు, వేళకు తిన్నాడు, దుమ్ముకు దూరంగా ఉన్నాడు. రంగు తేలాడు. మందు పనిచేసిందని మేమందరం సంబరపడ్డాం. కోర్సు అయిపోయి ఇంటికి వెళ్లేరోజు వార్డులో పాట పాడించుకుని చప్పట్లు కొట్టి పంపాం. అతను నేరుగా ఆ మిషన్ దగ్గరికే వెళ్లాడు.

రెండోసారి వచ్చేసరికి వరండా మెట్లెక్కి నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. మళ్లీ అవే మందులు. ఈసారి రంగు తేలలేదు. అప్పుడు మా డాక్టరు గారు అతని ఎక్స్‌రేలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కి, పెద్దాసుపత్రిలో తనకు చదువు చెప్పిన పెద్దాయనకు చూపించి వచ్చారు. మర్నాడు రౌండ్సులో పాటగాడి మంచం మీద కూర్చున్నారు. రోగి మంచం మీద ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇది టీబీ కాదయ్యా. రాతి దుమ్ము. లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. మేం పొరపాటు పడ్డాం."

"అయితే ఇన్ని మందులు మింగింది?"

డాక్టరు గారు చేతిలో ఎక్స్‌రేను అటూ ఇటూ తిప్పారు.

"పోనీలే సార్. దీనికి మందు ఏంది?"

"మందు లేదు. ఆ పనికి మాత్రం ఇక వెళ్లకు."

పాటగాడు వరండాలో కూర్చున్న భార్య వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉత్త నీళ్లయినా ఏదో ఒకటి రాయి సార్. మా ఆడమనిషికి చూపించాల గదా."

డాక్టరు గారు దగ్గుమందు రాశారు. ఆ సీసా అయిపోయేదాకా ఆమె వేళ తప్పకుండా తాగించింది.

అమ్మాయిలూ, మందు లేని రోగికి నర్సు ఏం చేయగలదు? నాకు తెలిసింది ఒక్కటే. ఊపిరి నేర్పడం. గ్లాసులో వేడి టీ ఊదుకున్నట్టు పెదాలు సన్నగా పెట్టి మెల్లగా వదలమనేదాన్ని. ఊపిరి అయిపోయాక ఆగొద్దు, అయిపోకముందే ఆగాలి అని చెప్పేదాన్ని. అయిపోయాక ఆగితే దగ్గు పట్టుకుంటుంది, దగ్గు పట్టుకుంటే ఆ పూటంతా పోతుంది. నేను రోగి వెనక నిలబడి రెండు భుజాల మధ్య అరచెయ్యి పెట్టేదాన్ని. లోపల ఊపిరి తరుగుతుంటే చేతికి తెలుస్తుంది. తెలియగానే ఒక్కసారి తట్టేదాన్ని. తడితే ఆగాలి. మంచం నుంచి కుళాయి దగ్గరికి నడవడం, చొక్కా తొడుక్కోవడం, కడుపు నిండా అన్నం తినడం, అన్నీ అట్లాగే నేర్పాను.

ఆ రోజుల్లోనే అతను మంచం మీద పాట కట్టాడు.

నల్లరాయి కింద నీళ్లున్నాయంట నాయనా,
తవ్వుకుంటా పోతే తగులుతాయంట నాయనా,
తవ్వినోని చేతికి తడి అంటలేదు,
తాగినోడు ఎవుడో మాకు తెలవలేదు.

ఇంకా ఉంది, పాపకు అంతా వచ్చు, అది రాసుకుంటుంది. మార్కాపురంలో మైక్ సెట్ షాపు నడిపే ఒకాయన వెనక గదిలో క్యాసెట్లు రికార్డు చేసేవాడు. తన పాట ఒక్కటైనా క్యాసెట్‌లోకి ఎక్కాలని పాటగాడికి కోరిక పుట్టింది. అప్పటిదాకా ఆ బ్యాండు పాట ఒక్కటి కూడా ఎక్కడా రికార్డు కాలేదు. వాయించిన వీధిలో వాయించినంతసేపే ఉండేది.

"పాడొచ్చా సార్?" అని డాక్టరు గారిని అడిగాడు.

"పాడితే ఏమీ కాదని చెప్పలేను."

"పాడకపోతే ఏమైనా తగ్గుతాదా?"

"అదీ చెప్పలేను."

"అయితే పాడతా."

నన్ను తోడు పంపారు. మైక్ సెట్ ఆయన, గోడలకు దుప్పట్లు కడితే గాని వీధి చప్పుడు ఆగదని కబురు పెట్టాడు. వార్డులో వాడే నల్ల కంబళ్లు అడిగితే పెద్ద సిస్టరమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది.

"రోగుల కంబళ్లు పాటకు గూడా కప్పుతారా?"

"చలి పెడతాదంట సిస్టరమ్మా, పాటకు."

"ఉతికి తెచ్చియ్యాల. ముక్కిన వాసన రాగూడదు." చెప్తూనే తానే మడతలు పెట్టి ఆసుపత్రి జీపులో వేసింది.

ఎండలు ముదిరిన కాలం. ఆ గదికి కిటికీ లేదు. ఫ్యాన్ వేస్తే దాని చప్పుడు క్యాసెట్‌లో పడుతుందని ఆపేశారు. నాలుగు గోడలకూ కంబళ్లు. ఊపిరాడని మనిషిని తీసుకొచ్చి ఎట్లాంటి గదిలో పెట్టామో నాకు అప్పుడు అర్థమైంది. అతని భార్య బయట మెట్టు మీద కూర్చుని, హారన్ కొట్టే ఆటోలను తిట్టి పంపుతోంది. మొదటిసారి పాడితే రెండో లైను మధ్యలో ఊపిరి అయిపోయి దగ్గు వచ్చింది. మంచినీళ్లు తాగి, కాసేపు బయట కూర్చుని మళ్లీ పాడాడు. ఈసారి మొదటి లైనులోనే ఆగిపోయాడు. దగ్గి దగ్గి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. గిటార్ అబ్బాయికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"చాల్లే బావా. నేను పాడతా, నువ్వు కూచో."

"నీ గొంతుకా? మార్కాపురంలో కుక్కలన్నీ కనిగిరి పోతాయి రా," అన్నాడు పాటగాడు, ఆ వంగిన మనిషి వంగినట్టే.

ఎవరూ నవ్వలేదు. మైక్ సెట్ ఆయన నా వైపు చూశాడు, ఇంక ఇంటికి తీసుకుపోతారా అన్నట్టు. పాటగాడు కూడా నా వైపే చూశాడు. అతను అడిగింది వేరే.

"అక్కా, కుళాయి కాడికి నడిపించినట్టు నడిపించు."

నేను వెళ్లి అతని వెనక నిలబడి వీపు మీద చెయ్యి పెట్టాను. నేను తట్టిన చోట ఆగు, ఎక్కడైనా సరే, మాట మధ్యలో అయినా సరే అన్నాను. గిటార్ అబ్బాయి ఒప్పుకోలేదు.

"అట్ల యాడంటే ఆడ ఆగితే పాట చస్తాది అక్కా."

డ్రమ్ములాయనకు ఎంత వినపడిందో తెలియదు గానీ, పెద్దగా అన్నాడు. "పాట చస్తే చావనీ రా. మనిషి నిలబడాల."

మొదలుపెట్టారు. 'నల్లరాయి కింద నీళ్లు' దగ్గర నా చేతికి తెలిసింది. తట్టాను. ఆగాడు. పాట తెలిసిన వాళ్లెవరూ అక్కడ ఆగరు. గదిలో ఏ చప్పుడూ లేదు. పెదాలు సన్నగా పెట్టి అతను ఊపిరి వదులుతున్నాడు, తీసుకుంటున్నాడు. ఆ మౌనం ఓర్చుకోలేక గిటార్ అబ్బాయి లావు తీగను రెండుసార్లు కొట్టాడు. డమ్, డమ్ అని. ఆ రెండో దెబ్బకు పాటగాడు 'ఉన్నాయంట నాయనా' అని అందుకున్నాడు. డ్రమ్ములాయన అది కనిపెట్టి, తర్వాత నేను తట్టిన చోట తానూ ఆగి, ఆ రెండు దెబ్బల వెనకాలే కలిసి వచ్చాడు. అట్లా పాట చివరిదాకా వెళ్లింది. ఎక్కడ ఆగాలన్నది పాటను బట్టి కాదు, నా చేతిని బట్టి. నాకేమో సంగీతం ఓనమాలు రావు.

అయిపోయాక అతను గోడకున్న కంబళికి ఆనుకుని కూర్చుండిపోయాడు. మొహమంతా చెమట.

"అక్కా, నిన్ను గూడా బ్యాండులో చేర్చుకున్నాం పో," అన్నాడు.

ఆ క్యాసెట్ బయటికి రాగానే ఊరూరా తిరిగింది. ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరు ఎక్కించుకున్నారు. పాటగాడు మాత్రం వానలు పడేదాకా కూడా లేడు. పోయేరోజు కూడా నా చెయ్యి వీపు మీదే ఉంది. ఆ రోజు ఎక్కడ తట్టాలో నాకు తెలియలేదు. అన్ని చోట్లా తట్టాల్సినట్టే ఉంది.

ఆ తర్వాత డ్రమ్ములాయన అదే వార్డుకు వచ్చాడు, అదే రాయితో. అతనికీ ఊపిరి నేర్పాను. ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మరి చాలామందికి నేర్పాను. కుళాయి దాకా నడిపించగలిగాను. ఇంటిదాకా నడిపించింది ఎవరినీ లేదు. దీన్ని మంచిమాటలతో మూసిపెట్టి మీకు చెప్పడం నాకు చేతకాదు. అప్పట్లో మాకు తెలిసింది అంతే. తెలిసేలోపల అతను మళ్లీ మిషన్ దగ్గరికి వెళ్లి వచ్చాడు, మేం కొట్టిన చప్పట్లు వింటూ వెళ్లాడు.

పాట మాత్రం ఆగలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత, నేను రిటైర్ కాబోయే ముందు, గిద్దలూరు నుంచి కొమరోలు వెళ్తుంటే బస్సు ఒకచోట ఆగింది. పక్కనే పెళ్లి పందిరి, కుర్రాళ్ల బ్యాండు. ఆ పాట వినిపించింది. 'నల్లరాయి కింద నీళ్లు', ఆగాడు. రెండు దెబ్బలు. ఈ పిల్లవాడికి ఊపిరితిత్తులు పోయాయి, ఎవరూ చూసుకోవట్లేదు అనుకున్నాను. కండక్టరు కేకలేస్తున్నా వినకుండా దిగి పందిట్లోకి వెళ్లాను. పాట అయ్యాక పాడిన అబ్బాయి చెయ్యి పట్టుకున్నాను. ఎద్దులాగా ఉన్నాడు.

"ఏ ఫ్యాక్టరీ నాయనా నీది?"

"ఫ్యాక్టరీ ఏంది పెద్దమ్మా? డిగ్రీ చదువుతున్నా."

"మరి ఆడ ఎందుకు ఆగినావు?"

నేను పాట తెలియని ముసలిదాన్ని అనుకున్నాడు పాపం, ఓపికగా చెప్పాడు. "అది అట్లనే పాడాల పెద్దమ్మా. పాత బ్యాండోళ్లు అట్లనే పాడినారు. ఆడ ఆగితేనే మజా."

ఆ రోజు నుంచి గమనిస్తూనే ఉన్నాను. ఒక్క ఆ పాటే కాదు. తర్వాత వచ్చిన బ్యాండ్లు తాము కట్టుకున్న కొత్త పాటల్లో కూడా లైను మధ్యలో ఆపుతున్నాయి, లావు తీగ రెండుసార్లు కొడుతున్నాయి. చర్చి పాటల్లోకి వచ్చింది. కనిగిరిలో కీబోర్డు నేర్పే మాస్టారు పిల్లలకు ఆ ఆగడమే పాఠంగా చెప్తాడట. హనుమంతునిపాడులో బోరు ఎండిపోయిన వాళ్లు అది తమ పాటే అంటారు. ఫోన్‌లో ఎవరో కుర్రాడు వివరించి చెప్తుంటే పాప నాకు వినిపించింది. ఆ ఆగిన చోట కరువు నేల దాహం వినపడుతుందట. వినపడనీ. నాకు వినపడేది నాకు వినపడుతుంది.

గిటార్ అబ్బాయి ఇంకా ఉన్నాడు. అతనికీ ముసలితనం వచ్చేసింది. నేను రిటైర్ అయినప్పుడు పండ్లు తీసుకుని చూడటానికి వచ్చాడు.

"ఆ రెండు దెబ్బలకు పెద్దమనిషిని అయిపోయినా అక్కా. పిల్లోళ్లు ఇంటికొచ్చి కాళ్లకు మొక్కుతాండారు. ఎట్ల తోచింది తాతా అని అడుగుతాండారు."

"ఏం చెప్పినావు?"

"భయమేసి కొట్టినా అని చెప్పినా. నవ్వినారు."

వెళ్లేటప్పుడు అన్నాడు. "మా బావ మంచిగా ఉన్నప్పుడు ఎట్ల పాడేటోడో ఎవ్వరికీ తెలవదు అక్కా. ఆయనకు యాడా ఆగే పని లేదు."

అక్కడితో అయిపోయింది అనుకున్నాను. కానీ ఇప్పుడు రాస్తున్న ఈ పిల్ల ఉంది చూశారా, దీనికీ ఒక బ్యాండు ఉంది. వచ్చే ఆదివారం మార్కాపురంలో చర్చి పండగకు ఆ పాటే పాడుతుందట. పొద్దున్నుంచీ ఆపుతోంది, రెండు దెబ్బలు కొడుతోంది, ఆపుతోంది. ఈ కథ దీనికి ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తూ రాస్తూ తెలుసుకుంది. ఇందాకటి నుంచి దీని చెయ్యి కదలట్లేదు.

"అవ్వా, అయితే నేను ఆపకుండా పాడతా," అంది.

"పాడు. నేనూ ఎప్పుడూ విన్లేదు అట్ల."

గిటార్ తీసుకుని, ఎక్కడా ఆగకుండా, ఊపిరి నిండా తీసుకుని పాడింది. మా పాటగాడు మంచిగా ఉన్నప్పుడు ఇట్లా పాడి ఉంటాడు అనుకుంటూ విన్నాను. దీని గొంతు బాగుంది. పాట బాగాలేదు. నీళ్లున్నాయంట అంటే, ఉన్నాయిలే అన్నట్టు వెళ్లిపోయింది. నాకు చెప్పాలనిపించలేదు, కానీ దీనికే తెలిసిపోయింది.

"ఉత్త పాట అయిపోయింది అవ్వా."

"అవును."

"ఆయన జబ్బే గదా అవ్వా మేమందరం నేర్చుకునింది?"

అడిగి, ఇది ఫోన్ పక్కన పెట్టి, గిటార్ తీసుకుని నా ముందుకు వచ్చి నాకు వీపు పెట్టి కూర్చుంది. ఇక్కడి నుంచి తర్వాత గుర్తు పెట్టుకుని రాస్తానంది.

"యాడ ఆపాలో నువ్వే చెప్పు," అంది.

రెండు భుజాల మధ్య అరచెయ్యి పెట్టాను. మొదలుపెట్టింది. నా చేతి కింద ఊపిరి పూర్తిగా నిండి ఉంది. ఎక్కడా గరగర లేదు, తరుగు లేదు. ఇంకా ఎంతదూరమైనా పోగలదు. ఇంత మంచి ఊపిరి మీద నా చెయ్యి ఎప్పుడూ పడలేదు.

'నల్లరాయి కింద నీళ్లు' దగ్గరికి వచ్చింది. తట్టాను.

ఆగింది.